తుపాను సంచి: ఇంటింటా ఉండవలసిన సిద్ధపాటు



ఈ మాసపు పాఠము గృహ కూటములలోను, స్త్రీల సమాజములోను చదివి మాట్లాడుకొనుటకు వ్రాస్తున్నాము. ఇది వాక్య ధ్యానము కాదు, ఇంటి పని. గాలివాన వచ్చునని కబురు అందినప్పుడు ఇల్లు విడిచి వెళ్ళుటకు ఒక సంచి ముందుగా ఎట్లు సర్ది ఉంచుకోవాలి అన్నదే ఇందులోని సంగతి. సంచి సర్దుట కూడ ఒక పాఠమా అని నవ్వేవారు ఉంటారు. చదివిన తరువాత నవ్వండి.

బంగాళాఖాతములో తుపానులకు రెండు కాలములు ఉన్నవి. ఏప్రిల్ నుండి జూన్ మొదటి దినముల వరకు ఒకటి, అక్టోబరు నుండి డిసెంబరు వరకు మరొకటి. గంజాం జిల్లాలోను, పూరీ పెంఠకటలోను, చెన్నపట్నములోను, యానాంలోను కాపురమున్న మన తెలుగువారు ఈ రెండు కాలములును ఎరిగినవారే. బొంబాయి, షోలాపూరు, బెంగుళూరు సహోదరులు "మాకు తుపాను లేదు కదా" అని ఈ పుట తిప్పివేయవద్దు. 2005 జూలై 26న బొంబాయి శాంతాక్రూజులో ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వాన పడినది. 2015 డిసెంబరు మొదటి వారములో చెన్నపట్నము మునిగినది తుపాను గాలికి కాదు, వాన నీటికి. గాలి అయినా నీరు అయినా, ఇల్లు విడువవలసిన వేళ సంచి ఒక్కటే.

మన పిల్లలలో కొందరు ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నారు. అక్కడ వేసవిలో అడవులు అంటుకొనును. ఊరి అంచున ఉన్న ప్రతి ఇంటివారు అగ్ని కాలమునకు ముందే ఒక సంచి సర్ది ఉంచుకోవాలని అక్కడి ప్రభుత్వము చెప్పును. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రములో ఆ మంటలలో 173 మంది చనిపోయారు. వారిలో చాలామంది ఇళ్ళలోనే ఉండిపోయినవారు. ఆ తరువాత అక్కడ గట్టిగా నేర్పుచున్న మాట ఒక్కటే: ఆలస్యముగా బయలుదేరుటకంటె తొందరగా బయలుదేరుట క్షేమము. వారిది నిప్పు, మనది నీరు. మంట గాలివాటమును బట్టి గంటలలో వచ్చిపడును. మన తుపాను మాత్రము మూడు నాలుగు దినముల ముందే కబురు పంపును. అంత వ్యవధి ఉండి కూడ మనము ఆఖరి గడియలో పరుగులెత్తుట ఎందుకో ఆలోచించవలసిన సంగతి.

సంచి ఎందుకు?

1977 నవంబరు 19న దివిసీమలో పదివేలకు పైగా జనము పోయారు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో కోనసీమ, యానాం ప్రాంతములు పాడైపోయి వెయ్యిమందికి పైగా చనిపోయారు. 1999 అక్టోబరు 29న పారాదీపు దగ్గర దాటిన మహా తుపానులో గాలి గంటకు 260 కిలోమీటర్ల వేగముతో వీచినది. అధికార లెక్క ప్రకారమే పదివేలకు కొంచెము తక్కువగా ప్రాణములు పోయినవి. అప్పటికి ఈ రాష్ట్రము పేరు ఒరిస్సా. ఒడిశా అయినది 2011లో. ఆ మహా తుపానుకు పన్నెండు దినముల ముందే గోపాలపురము దగ్గర మరొక తుపాను దాటి బరంపురమును విరిచి వెళ్ళినది. లోకము రెండవదానిని జ్ఞాపకము ఉంచుకొన్నది కాని, ఈ ప్రాంతపువారికి మొదటిది కూడ మరపునకు రాదు.

తరువాత 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ అదే గోపాలపురము దగ్గర దాటినది. గాలి గంటకు సుమారు 215 కిలోమీటర్లు. చెట్లు, స్తంభములు, పెంకులు ఏవియు నిలువలేదు. అయినను ఒడిశాలో చనిపోయినవారు యాభైకి లోపే. కారణము ఒక్కటే: సుమారు పది లక్షలమందిని ముందుగా ఇళ్ళలోనుండి తరలించారు. 2019 మే 3న ఫని పూరీ దగ్గర దాటినప్పుడు పన్నెండు లక్షలమంది కదిలారు. గాలి తగ్గలేదు, సముద్రము మారలేదు. మనుష్యులు ముందుగా లేచి వెళ్ళుట నేర్చుకొన్నారు, అంతే.

అయితే తరలింపు జరిగిన ప్రతిసారి కొందరు కదలరు. మేము సంఘ పెద్దలుగా ఇంటింటికి వెళ్ళి పిలిచినప్పుడు వినిన జవాబులు ఇవి. పట్టా కాగితములు ఎక్కడున్నవో ఆయనకే తెలుసు, ఆయన వచ్చిన తరువాత వస్తాము. అమ్మకు మాత్రలు తెచ్చుకోవాలి. పొయ్యిమీద అన్నము ఉన్నది. పిల్ల బడి సర్టిఫికెట్లు పెట్టెలో ఉన్నవి, తాళము కనబడలేదు. ఇవి మొండితనపు మాటలు కావు, నిజమైన అడ్డంకులే. షెల్టరు వరకు వచ్చి, పెట్టె తాళము వేశామో లేదో అని తిరిగి ఇంటికి పోయేవారు కూడ ఉంటారు. అట్లు తిరిగి వెళ్ళేవారిని గూర్చియే మాకు ఎక్కువ భయము.

కనుక ఈ సంచి సామాను కాపాడుకొనుటకు కాదు. పిలుపు వినగానే కాళ్ళు కదలుటకు. ఆ ఉద్దేశము మనస్సులో ఉంచుకొంటే సంచిలో ఏమి పెట్టాలో, ఏమి పెట్టకూడదో సగము దానంతట అదే తేలిపోవును.

కబురు వచ్చు వరుస

సంచి ఎప్పుడు దించాలి, ఎప్పుడు భుజాన వేయాలి అని తెలియుటకు వాతావరణ శాఖవారి వరుస తెలిసికొనవలెను. వారు నాలుగు మెట్లలో చెప్పుదురు. సుమారు 72 గంటల ముందు తుపాను వచ్చునట్లున్నదని అధికారులకు ముందస్తు సూచన. 48 గంటల ముందు రెండవ మెట్టు. దీనికి పసుపు రంగు. 24 గంటల ముందు హెచ్చరిక, నారింజ రంగు; ఎక్కడ, ఎప్పుడు తీరము దాటునో ఇందులో చెప్పుదురు. తీరము దాటుటకు 12 గంటల ముందు నాలుగవది, ఎరుపు రంగు. తీరము దాటిన తరువాత లోపలి జిల్లాలలో ఏమి జరుగునో కూడ ఇందులో ఉండును.

పసుపు వినగానే సంచి దించి తెరిచి చూడాలి. మందులు, నీళ్ళు, సెల్లు చార్జి సరిచేసికోవాలి. నారింజ రంగు వచ్చిన దినమున, పగలు వెలుతురు ఉండగా బయలుదేరాలి. ఎరుపు వచ్చువరకు ఇంటిలో ఉండువాడు చెట్లు పడుచున్న దారిలో, చీకటిలో, ముసలితల్లిని పట్టుకొని నడవవలసి వచ్చును. సముద్రమునకు దగ్గర ఉన్నవారికిని, గుడిసెలలోను రేకుల ఇళ్ళలోను ఉన్నవారికిని ఈ మాట మరీ ముఖ్యము. మన జాలరి సహోదరులకు రేవులో ఎగురవేసే నంబరు జెండాలు తెలిసినవే. ఎనిమిది, తొమ్మిది, పది అనగా మహా ప్రమాదము. అవి ఓడలకు, పడవలకు ఉద్దేశించిన గుర్తులు. ఇల్లు విడుచుటకు పదవ నంబరు పడనీ అని ఎదురుచూచుట సరికాదు.

ఇంకొక సంగతి పిల్లలకు కూడ నేర్పండి. తుపానుకు నడుమ కన్ను ఉండును. అది మన ఊరిమీదుగా పోయినయెడల ఉధృతమైన గాలి ఒక్కసారి ఆగి, ఆకాశము తేటపడినట్లుండును. అయిపోయినది అనుకొని జనము బయటికి వచ్చుదురు. కొద్దిసేపటికి గాలి ఎదుటి దిక్కునుండి అదే బలముతో కొట్టును. మొదటి గాలికి ఒరిగి నిలిచిన గోడలు రెండవ గాలికి పడును. అధికారులు చెప్పువరకు షెల్టరు తలుపు దాటవద్దు.

రెండు సంచులు

ఒక పెద్ద సంచి కాక, రెండు చేసికొనుట మేలు. మొదటిది కాగితముల సంచి. చిన్నది, మెడలోనో భుజమునకో తగిలించుకొనునది. దానిని ఇంటిలో ఒక్కరే మోయవలెను, ఆ ఒక్కరు ఎవరో ముందే తేల్చుకోవాలి. రెండవది మూడు దినముల సంచి. ట్రంకు పెట్టె, సూట్‌కేసు పనికిరావు. మోకాలి లోతు నీటిలో రెండు చేతులు ఖాళీగా ఉండాలి: ఒకటి పిల్లవానికి, ఒకటి కర్రకు. పిల్లల పాత బడిసంచి, రెండు భుజములకు తగిలించుకొనేది, అన్నిటికంటె మంచిది. కొత్తది కొనవలసిన పని లేదు.

ముందు కాగితముల సంగతి చూద్దాము. ఆధారు కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకము, పింఛను పుస్తకము, ఓటరు కార్డు, ఇంటి లేక పొలము పట్టా, పదవ తరగతి మరియు చదువు సర్టిఫికెట్లు, కుల ధృవపత్రము, భీమా కాగితములు, పెండ్లి సర్టిఫికెటు, ఆసుపత్రి చీటీలు. వీటినన్నిటిని మందమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసివేసి, మూతి మడిచి రబ్బరు వేసి, దానిని మరొక ప్లాస్టిక్ సంచిలో తలక్రిందులుగా పెట్టవలెను. ఒక్క సంచి చాలదు. మడతలోనుండి నీరు ఎక్కును. లామినేషన్ చేయిస్తే చాలదా అని అడుగుదురు. ఆధారుకు ఫరవాలేదు కాని, పట్టాను, సర్టిఫికెటును లామినేషన్ చేయించవద్దు. వెనుక ముద్ర వేయవలసి వచ్చినప్పుడు ఆఫీసులో తిప్పలు పడాలి.

ఏవి పోయినా తిరిగి వచ్చునో, ఏవి రావో తెలిసికొనుట మంచిది. ఆధారు నంబరు ఉంటే కార్డు మరల అచ్చు వేయించుకోవచ్చును. బ్యాంకు పుస్తకము మరల ఇస్తారు. రిజిస్టరు అయిన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరకును. తండ్రి చేతి వ్రాతతో ఉన్న ఒప్పందము, రిజిస్టరు కాని పాత కాగితము, చిన్నప్పుడు చనిపోయిన బిడ్డ ఫొటో, ఇవి పోతే పోయినట్లే. కనుక స్థలము చాలకపోతే మొదట ఇవి పెట్టండి. అన్నిటికి సెల్లులో ఫొటో తీసి, వేరే ఊరిలో ఉన్న కొడుకుకో కోడలికో పంపి ఉంచండి. 2015 నుండి ప్రభుత్వమువారి డిజిలాకర్ ఉన్నది. పిల్లలు ఒక ఆదివారము మధ్యాహ్నము కూర్చొని పెద్దలకు తెరిచి పెట్టవచ్చును. తాతగారి పని మనుమడు చేయుటకు ఇది మంచి అవకాశము.

కాగితములతోపాటు డబ్బు. కరెంటు పోయి, టవరు పోయినప్పుడు సెల్లులోని డబ్బు అంకెలుగానే ఉండిపోవును. ఎటిఎమ్ పెట్టె కూడ పనిచేయదు. పది, ఇరవై, యాభై, వంద రూపాయల నోట్లుగా ఇంటికి తగినంత విడిగా ఉంచుకోవాలి. ఐదువందల నోటు ఇస్తే ఆ దినములలో కొట్టువాని దగ్గర చిల్లర ఉండదు. బంగారము సంగతి వేరే. షెల్టరులో వందలమంది నడుమ నగల మూట తలక్రింద పెట్టుకొని పండుకొన్నవారికి నిద్ర ఉండదు. కాలము రాకముందే బ్యాంకు లాకరులో పెట్టుకొనుట క్షేమము.

మూడు దినముల సంచి

నీటి లెక్క మొదట వేద్దాము. మనిషికి త్రాగుటకు, కొద్దిగా వండుకొనుటకు దినమునకు మూడు లీటర్లు అనుకొందాము. ఐదుగురున్న ఇంటికి మూడు దినములకు 45 లీటర్లు అయినది. లీటరు నీరు కిలో బరువు. 45 కిలోలు ఎవరు మోస్తారు? పుస్తకములలో వ్రాసిన మాటను లెక్క వేయకుండ చెప్పుట వలన వచ్చే చిక్కు ఇదే. కనుక మనిషికి రెండు లీటర్లు చేతిలో తీసికొని వెళ్ళాలి. మిగిలినది మూత గట్టిగా ఉన్న డబ్బాలలో పోసి, అటకమీద కట్టి ఉంచాలి; తిరిగి వచ్చిన దినమున బావి పాడై ఉండును, కుళాయి రాదు, అప్పుడు ఆ నీరే ఆధారము. సంచిలో క్లోరిన్ మాత్రల పట్టీ ఒకటి వేసికొనండి. ఒక మాత్ర ఎన్ని లీటర్లకో పట్టీమీద వ్రాసి ఉండును. వేసిన తరువాత అరగంట ఆగి త్రాగాలి. మురికి నీటిని ముందు గుడ్డతో వడకట్టాలి. మరిగించుటకు వీలుంటే బుడగలు బాగుగా లేచిన తరువాత ఒక నిమిషము మరిగితే చాలును.

తిండికి పొయ్యి అవసరము లేనివి పెట్టుకోవాలి. అటుకులు, బెల్లము, వేయించిన శనగలు, వేరుశనగ ఉండలు, మరమరాలు, బిస్కత్తులు. ఒడిశాలో చుడా గుడ అని వారు తినేది మన అటుకులు బెల్లమే. రొట్టె రెండవ దినమునకే బూజు పట్టును, పెట్టవద్దు. ఊరగాయ సీసా పెట్టవద్దు. దాహము ఎక్కువ అగును, సీసా పగులును. చంటిబిడ్డ ఉన్న ఇంట పాలపొడి, గిన్నె, చెంచా ఉండాలి. తల్లిపాలు త్రాగు బిడ్డకు అదే చాలును. తల్లికి నీళ్ళు, తిండి ఎక్కువగా చూచుకోవాలి.

మందుల సంగతి కొంచెము విస్తారముగా చెప్పవలసి ఉన్నది. మన సంఘములలో యాభై దాటినవారిలో షుగరు, బి.పి. లేని ఇల్లు వెదకాలి. మాత్ర రెండు దినములు మానినందున ఏమి అగును అనుకొనేవారు ఉన్నారు. బి.పి. మాత్ర, మూర్ఛ మాత్ర, గుండె మాత్ర హఠాత్తుగా మానుట అపాయకరము. తుపాను తరువాత మందుల కొట్లు తెరువవు, డాక్టరుగారు రాలేరు. పది దినములకు సరిపడు మందు ఎప్పుడును ఇంటిలో అదనముగా ఉండాలి. అందులో పాతది ముందు వాడి కొత్తది వెనుక పెట్టుచుండాలి, బియ్యము డబ్బా వలెనే. ఇన్సులిన్ వాడువారికి ఫ్రిజ్ పనిచేయదు. వాడుచున్న సీసాను ఎండ తగలకుండ, 30 డిగ్రీలు దాటని చల్లని చోట ఉంచితే సుమారు నాలుగు వారములు ఉండును. తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండలో పెట్టుట మన పెద్దలు పెరుగుకు చేసిన పద్ధతే. మంచుగడ్డకు ఆనించి పెట్టవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పారవేయవలసినదే. షుగరువారి జేబులో నాలుగు చక్కెర బిళ్ళలు కూడ ఉండాలి. భోజనము ఆలస్యమైతే కళ్ళు తిరుగుట వారికే ముందు.

ఓ.ఆర్.ఎస్. పొట్లములు అరడజను. అవి అయిపోతే, ఒక లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టి కొలిచిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువ కారాదు, పిల్లలకు హాని. ఒక దినము దాటిన నీటిని పారబోసి కొత్తది కలుపుకోవాలి. జ్వరపు మాత్రలు, గాయమునకు దూది, గుడ్డ, అయోడిన్ మందు, దోమల నూనె.

ఇక మిగిలినవి త్వరగా చెప్పుదుము. టార్చిలైటు, విడి బ్యాటరీలు, రేడియో, చార్జి నింపిన పవర్ బ్యాంకు. బటన్ సెల్లు పాతది ఉంటే పారవేయవద్దు, చార్జి మూడు నాలుగు దినములు నిలుచును. ఈల ఒకటి, గోడ క్రింద చిక్కినవాని గొంతు పోయినా ఈల వినబడును. అగ్గిపెట్టె ప్లాస్టిక్ డబ్బాలో. ఆరు మూరల నైలాన్ త్రాడు, చిన్న చాకు, టార్పాలిన్ ముక్క. మనిషికి ఒక జత బట్టలు, తువ్వాలు, పలుచని దుప్పటి. స్త్రీలకు నెలసరి గుడ్డలు. దీనిని సంకోచపడి వదిలివేస్తారు, స్త్రీల సమాజమువారు తమ కూటములో నోరు తెరిచి చెప్పాలి. కళ్ళజోడు, కట్టుడు పళ్ళ డబ్బా, చెవి మిషను, చేతికర్ర. గట్టి చెప్పులు లేక బూట్లు తప్పనిసరి. నీరు తీసిన తరువాత దారిలో మేకులు, గాజు పెంకులు, పాములు ఉండును.

పరభాషా ప్రాంతములో ఉన్న మనకు

ఆంధ్ర దేశములో ఉన్నవారికి లేని అవసరము ఒకటి మనకు ఉన్నది. పెద్దలు కొందరు నలభై ఏండ్లుగా ఇక్కడ ఉండి కూడ ఒడియా గాని, తమిళము గాని, మరాఠీ గాని బజారు మాటలకు మించి ఎరుగరు. కొందరు ముసలివారు కూతురు పురుటికో, చలికాలము గడుపుటకో ఊరినుండి వచ్చి ఇక్కడ ఉన్నప్పుడే తుపాను వచ్చును. షెల్టరులో ఇంటివారినుండి విడిపోతే ఆ నాయనమ్మ తన పేరు చెప్పును కాని, ఎక్కడనుండి వచ్చినదో, ఏ మాత్ర వేసికొనునో ఎదుటివానికి తెలియదు.

కనుక ప్రతి మనిషికి ఒక అట్టముక్క వ్రాసి మెడలో వేయదగినట్లు త్రాడు కట్టి ఉంచండి. దానిమీద స్థానిక భాషలోను, ఇంగ్లీషులోను, తెలుగులోను పేరు, ఇక్కడి చిరునామా, ఇద్దరి ఫోను నంబర్లు (ఒకటి ఈ ఊరిది, ఒకటి దూరపు ఊరిది), ఉన్న జబ్బు, వాడు మందు పేరు ఉండాలి. అక్షరములు పెన్సిలుతో గాని బాలు పెన్నుతో గాని వ్రాయండి. సిరా తడిస్తే కరగిపోవును. స్థానిక భాషలో వ్రాయు పని బడిపిల్లలకు ఇవ్వండి. మన పిల్లలు తెలుగు మాటలాడుదురు, ఒడియాలో వ్రాయుదురు. ఈ ఒక్క పనికి అది వరమైనది. చంటిపిల్లల చొక్కాకు లోపలి వైపు నంబరు కుట్టుట కూడ మంచిదే.

సహాయపు జాబితా వ్రాయుటకు వచ్చినవారు స్థానిక చిరునామా గల కాగితము అడుగుట సహజము. చాలామందికి ఆధారు ఇంకను స్వగ్రామపు చిరునామాతోనే ఉన్నది. ఊరిమీద మమత వేరు, చిరునామా వేరు. ఇక్కడ స్థిరపడినవారు ఈ సంవత్సరమే మార్చుకొనుట మంచిది. కరెంటు బిల్లు, అద్దె ఒప్పందము, బడి చీటీ ఏదైనా ఇక్కడ నివాసమున్నట్లు చూపునది ఒకటి కాగితముల సంచిలో చేర్చండి. ఫోను నంబర్లు గోడకు అంటించండి: దేశమంతటికి 112, రాష్ట్ర విపత్తు గదికి 1070, జిల్లా గదికి 1077, అంబులెన్సుకు 108.

ఇల్లు విడుచు గడియలో

మెయిను స్విచ్చి ఆపి, గ్యాసు సిలిండరు రెగ్యులేటరు మూసివేయాలి. బియ్యము, పుస్తకములు, కుట్టుమిషను అటకమీదకు. పశువుల సంగతి చాలామంది మరచుదురు: గేదెను, ఆవును, మేకను కట్టు విప్పి వదలాలి. కట్టుత్రాడుతో ఉన్న పశువు నీటిలో అట్లే చచ్చును. విడిచినది మెరకకు పోవును. పక్క ఇంటికి చెప్పి బయలుదేరాలి. తలుపుమీద సుద్దతో "షెల్టరుకు వెళ్ళాము, ఐదుగురము" అని వ్రాస్తే వెదుకువారికి శ్రమ తగ్గును.

ప్రార్థనా మందిరములో తలదాచుకొందుము అని కొందరు అందురు. మందిరము కాంక్రీటు స్లాబుతో, మెరకమీద, సముద్రమునకు దూరముగా ఉంటే వేరు మాట. పెంకులు, సిమెంటు రేకులు వేసిన మందిరము గాలికి ఇల్లు వలెనే లేచిపోవును. పాత మందిరములకు ఎత్తైన గోడలు, వెడల్పు కప్పు ఉండును. అది మరింత ప్రమాదము. అధికారులు చూపిన భవనమునకే వెళ్ళాలి.

మందిరములో కాపాడవలసినవి పుస్తకములు. వివాహముల రిజిస్టరుకు ప్రభుత్వమునకు నకలు పంపవలసిన నిబంధన 1872 చట్టములోనే ఉన్నది. బాప్తిస్మముల పుస్తకమునకు, సభ్యుల పట్టీకి మరొక నకలు ఎక్కడను లేదు. సంఘ కార్యదర్శి ఆ పుస్తకముల ప్రతి పుటకు ఫొటో తీయించి రెండుచోట్ల ఉంచాలి; అసలు పుస్తకములను పసుపు మెట్టునాడే ప్లాస్టిక్‌లో చుట్టి మేడ ఇంటిలో పెట్టాలి.

అదే పట్టీని తీసికొని పెద్దలు మరొక పని చేయాలి. ఒంటరిగా ఉన్న విధవరాండ్రు, నడవలేనివారు, నిండు గర్భిణులు, భర్త దుబాయిలోనో హైదరాబాదులోనో ఉన్న ఇల్లాండ్రు: ఒక్కొక్కరి పేరు ఎదుట వారిని తీసికొని వచ్చు ఒక యౌవనస్థుని పేరు వ్రాయండి. "సంఘము చూచుకొనును" అని వ్రాస్తే ఎవరును చూడరు.

సంచి సర్దుట అవిశ్వాసము అని, దేవుడు కాపాడలేడా అని అడుగువారు ఒకరిద్దరు ప్రతి సంఘములోను ఉందురు. రాత్రి తలుపు గడియ వేసికొని పండుకొనువారే ఈ మాట అందురు. వారితో వాదము పెట్టుకోవద్దు. వారి సంచి కూడ మీరే సర్ది, ఇంటిలో పెట్టి రండి.

అభ్యాసము

వచ్చే ఆదివారము సాయంకాలము ప్రతి ఇంటివారు సంచి సర్ది, గడియారము చూచుకొని ఇంటినుండి షెల్టరు వరకు నడవండి. చంటిబిడ్డను, ముసలివారిని కూడ తీసికొని వెళ్ళండి. పది నిమిషములలో ఇంటినుండి బయటపడగలిగితిరా? దారిలో సంచి బరువైనదా? అయితే ఏమి తీసివేయాలి? షెల్టరు తాళము ఎవరి దగ్గర ఉండును, వారి ఫోను నంబరు మీ గోడమీద ఉన్నదా? దారిలో దాటవలసిన కాలువ వానకు పొంగితే మరొక దారి ఏది?

గృహ కూటములో ఈ ప్రశ్నలు మాట్లాడుకొనండి. మీ ఇంటిలో కాగితముల సంచి ఎవరు మోయుదురు? వారు పనికి పోయిన వేళ కబురు వస్తే ఎవరు? మీ వీధిలో మాట్లాడుటకు భాష రాని పెద్దలు ఎవరు? మందు పేరు ఇంటిలో ఎందరికి తెలుసు?

సంచి సంవత్సరమునకు రెండుసార్లు విప్పి చూడాలి: మార్చి ఆఖరు ఆదివారము ఒకసారి, సెప్టెంబరు ఆఖరు ఆదివారము ఒకసారి. అటుకులు, శనగలు తీసి ఆ దినమే తినివేసి కొత్తవి పెట్టండి. మాత్రల తేదీ చూడండి. టార్చి బ్యాటరీలు లోపల ఉంచితే కారి పాడగును కనుక విడిగా ఉంచండి. పిల్లల బట్టలు, చెప్పులు చిన్నవై ఉండును. అవి తప్పక మార్చండి.